అమెరికా నిరుద్యోగ భృతి ఎక్స్‌టెన్షన్ ఆగిపోయింది: టైర్ 2 అయిపోయినవాళ్ళు ఏం చేస్తున్నారు?

ట్రాయ్_వాసు | జూలై 1, 2010
నిన్న సెనేట్‌లో భృతి గడువు పొడిగించే బిల్లు మళ్ళీ ముందుకు పోలేదు. 60 ఓట్లు కావాలి, 58 దగ్గర ఆగింది. ఇక జూలై నాలుగు సెలవులకి అందరూ ఇళ్ళకి వెళ్ళిపోతున్నారు, 12 దాకా సభ లేదు. మొదటి 26 వారాల తర్వాత ఫెడరల్ ప్రభుత్వం విడతలుగా ఇచ్చే అదనపు వారాలే ఈ టైర్లు, నాకు టైర్ 2 జూన్ మధ్యలో అయిపోయింది. కొత్త టైర్ మొదలుపెట్టే గడువేమో జూన్ 2తోనే ముగిసింది. దాంతో ఎవరు ఏ టైర్‌లో ఉంటే అది పూర్తయ్యేదాకా ఇస్తున్నారు గానీ తర్వాతి దాంట్లోకి పోనివ్వడం లేదు. టైర్ 3లో 13 వారాలు, టైర్ 4లో 6 వారాలు ఉన్నాయని కాగితం మీద చూసుకోవడమే, చేతికి రావు.

పోయినేడాది ఏప్రిల్‌లో ఉద్యోగం పోయింది. కార్ల విడిభాగాల డిజైన్ పని నాది. మిషిగన్‌లో భృతి ఎంత ఎక్కువైనా వారానికి 362 డాలర్లు, దాని మీద స్టిమ్యులస్ (మాంద్యంలో ప్రభుత్వం తెచ్చిన ఉద్దీపన) కింద వేసే 25. ఇంటి కిస్తీ, కిరాణా దాంతోనే లాక్కొస్తున్నాం. మా ఆవిడ డేకేర్‌లో చేస్తోంది, ఆ డబ్బు హెల్త్ ఇన్సూరెన్స్‌కి పోతుంది.

డబ్బు రాకపోయినా రెండు వారాలకోసారి పని వెతుకుతున్నానని సర్టిఫై చేస్తూ ఉండాలా? బిల్లు పాసైతే ఈ వారాలకి కూడా కలిపి ఇస్తారా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కృష్ణాతీరం | జూలై 1
సర్టిఫై చేయడం మాత్రం మానకండి వాసు గారూ. ఈ ఏడాదిలో గడువు అయిపోవడం ఇది మూడోసారి. ఫిబ్రవరి 28న అయిపోతే మార్చి 2న పొడిగించారు. ఏప్రిల్ 5న అయిపోతే 15న సంతకం అయింది. రెండుసార్లూ మధ్యలో పోయిన వారాలకి వెనక నుంచి కట్టారు. కాకపోతే ఆ వారాల్లో పని వెతికాను, పనికి సిద్ధంగా ఉన్నాను అని ఎవరికి వాళ్ళు చెప్పుకుని ఉండాలి. మీ రాష్ట్రం సిస్టమ్ సర్టిఫై చేయనిస్తే చేయండి. చేయనివ్వకపోతే ఏ వారం ఎక్కడెక్కడ అప్లై చేశారో ఒక నోట్‌బుక్‌లో తేదీలతో రాసి పెట్టుకోండి, తర్వాత అడుగుతారు.

ఫ్రీమాంట్_పద్మ | జూలై 1
మీకు టైర్ 2 అయినా అయింది. నాకు మొదటి 26 వారాలే జూన్‌లో అయ్యాయి, టైర్ 1లో అడుగు కూడా పెట్టలేదు. కాలిఫోర్నియాలో 450 వస్తుండేది, ఒక్కసారిగా సున్నా. ఇక్కడ కార్ల ఫ్యాక్టరీ నుమ్మి ఏప్రిల్ 1న మూసేశారు, దాదాపు 4,700 మంది రోడ్డున పడ్డారు. వాళ్ళ 26 వారాలు సెప్టెంబర్ చివరికి అయిపోతాయి. అప్పటికీ ఈ బిల్లు తేలకపోతే మా చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళకి వేలం బోర్డులు పడతాయో తలుచుకుంటేనే టెన్షన్.

గోదారోడు_డాలస్ | జూలై 1
కోపం తెచ్చుకోకండి గానీ ఒక మాట. 26 వారాలు, దాని మీద టైర్లు 53, దాని మీద రాష్ట్రం ఎక్స్‌టెండెడ్ బెనిఫిట్స్ ఇంకో 20, మొత్తం 99 వారాలు. రెండేళ్ళు ఇంట్లో కూర్చుంటే డబ్బిస్తామంటే ఎవరైనా తక్కువ జీతం ఉద్యోగానికి ఎందుకు పోతారు? ఈ బిల్లుకి 34 బిలియన్లు అవుతుంది, అది అప్పే కదా. ఖర్చు కాని స్టిమ్యులస్ డబ్బులోంచి తీసి ఇవ్వండి, అప్పుడు మేమూ ఓటేస్తాం అంటున్నారు అవతలి రిపబ్లికన్లు. అందులో తప్పేముంది? 2001లో డాట్‌కామ్ పడిపోయినప్పుడు మేం హెచ్1 మీద ఉన్నాం. ఒక్క డాలర్ రాలేదు. నా రూమ్మేట్లు సామాన్లు కట్టుకుని రాజమండ్రి వెళ్ళిపోయారు.

లెక్కల_మాస్టారు | జూలై 1
గోదారోడు గారూ, తక్కువ జీతం ఉద్యోగం అంటున్నారు, అది ఉంటే కదా పోవడానికి. ఈ దేశంలో ఇప్పుడు ఒక్కో ఖాళీకి దాదాపు ఐదుగురు నిరుద్యోగులున్నారు. ఆ ఐదుగురూ రేపు పొద్దున్నే లేచి అన్ని చోట్లా అప్లై చేసినా నలుగురికి రాదు. మాంద్యం లేనప్పుడు మీరన్నది కొంతవరకు ఒప్పుకుంటాను. నిరుద్యోగం 10 శాతం దాకా వెళ్ళొచ్చిన ఏడాదిలో ఒప్పుకోను.

కరీంనగర్_శ్రీను | జూలై 1
గోదారోడన్నా, వారానికి 362తోటి మిషిగన్‌ల ఇల్లు నడిపి చూడు ఒక నెల. కూసుని తినేటంత పైసలు కావవి.

ఎడిసన్_పెద్దాయన | జూలై 2
ఇది దానం అన్నట్టు మాట్లాడుతున్నారు కొందరు. మొదటి 26 వారాలకి డబ్బు కంపెనీలు కట్టే పన్ను నుంచి వస్తుంది. మా న్యూజెర్సీలో అయితే ఉద్యోగి జీతంలోంచి కూడా కోస్తారు, పే స్టబ్ మీద వేరే గీతలో కనిపిస్తుంది. తొంభైల నుంచీ కట్టాను. పైన వచ్చే టైర్లు మాత్రం ఫెడరల్ ఖజానావి, దాని మీద చర్చ ఉండొచ్చు, కాదనను. కానీ 1970 నుంచి చట్టంలోనే ఉంది: రాష్ట్రంలో నిరుద్యోగం ఒక గీత దాటితే అదనంగా 13 వారాలు ఇవ్వాలని, 20 దాకా అనేది తర్వాత కలిపారు. కొత్తగా మన కోసం కనిపెట్టింది కాదు.

నా సంగతి చెప్తాను. 2008 మార్చిలో పోయింది. బ్యాంకు మెయిన్‌ఫ్రేమ్‌లో కోబాల్ ప్రోగ్రామింగ్ పని. నా 99 వారాలు చలికాలంలోనే అయిపోయాయి. ఈ బిల్లు పాసైనా నాకు ఒక్క వారం రాదు. అయినా పాసవ్వాలనే కోరుకుంటున్నాను.

ట్రాయ్_వాసు | జూలై 2
పెద్దాయన గారూ, మీలాంటి వాళ్ళ కోసం టైర్ 5 పెట్టాలంటున్నారు కదా, దాని సంగతేంటి?

ఎడిసన్_పెద్దాయన | జూలై 2
ఈ బిల్లులో లేదు బాబూ. ఇది గడువు జరపడం మాత్రమే, కొత్త వారాలు కలపడం కాదు. చాలామంది ఇక్కడే పొరపడుతున్నారు, పొడిగింపు అనగానే తమకి ఇంకొన్ని వారాలు వస్తాయనుకుని.

లెక్కల_మాస్టారు | జూలై 2
ఇవాళ జూన్ లెక్కలు వచ్చాయి. నిరుద్యోగం 9.7 నుంచి 9.5కి తగ్గింది. టీవీలో తగ్గింది తగ్గింది అంటున్నారు, లోపల చూస్తే పనిలో ఉన్నవాళ్ళు, వెతికేవాళ్ళు కలిపిన లెక్కలోంచి 6 లక్షల 52 వేల మంది తగ్గిపోయారు. సెన్సస్ (జనాభా లెక్కల) తాత్కాలిక ఉద్యోగాలు 2 లక్షల 25 వేలు ముగిశాయి. మొత్తమ్మీద లక్షా 25 వేల ఉద్యోగాలు తగ్గాయి. ఆరు నెలలకి పైగా ఖాళీగా ఉన్నవాళ్ళే 68 లక్షల మంది దాకా ఉన్నారు, నిరుద్యోగుల్లో దాదాపు సగం. ఇంతమందికీ బద్ధకమే అంటారా?

గోదారోడు_డాలస్ | జూలై 2
బద్ధకం అని నేననలేదు మాస్టారూ. డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పమన్నాను. మా డాలస్‌లో మార్కెట్ కాస్త నయం, వచ్చేవాళ్ళుంటే రమ్మనండి. మా ఇంట్లో పై గది ఖాళీగానే ఉంది, ఇంటర్వ్యూలకి వచ్చినవాళ్ళు ఉండొచ్చు. నిజంగానే అంటున్నాను.

స్వాతి_చినుకు | జూలై 2
ఇంటర్వ్యూ దాకా వస్తే కదా. పోయిన నెల మూడు చోట్ల ప్రకటనలో చూశాను, 'ప్రస్తుతం ఉద్యోగంలో ఉన్నవాళ్ళే అప్లై చేయాలి' అని. ఒక రిక్రూటర్ ఫోన్‌లోనే అడిగాడు, చివరి ప్రాజెక్ట్ ఎప్పుడు అయింది అని. పోయిన అక్టోబర్ అన్నాను. క్లయింట్‌కి ఆరు నెలలు దాటిన గ్యాప్ వద్దండీ అని పెట్టేశాడు. తెలుగాయనే. ఉద్యోగం లేనివాళ్ళకి ఉద్యోగం ఇవ్వరట, మరి ఎవరికిస్తారు?

కరీంనగర్_శ్రీను | జూలై 2
స్వాతక్కా, నాకూ గిదే జరిగింది. గ్యాప్‌ల ఏం చేసిన్రని అడిగితే గుడిల వెబ్‌సైట్ పని చేసినా అని చెప్పిన. అది నిజమే, వాలంటీర్‌గా చేసిన. రెజ్యూమెల పెట్టినంక రెండు కాల్స్ వచ్చినయ్. మీరు ఏ సంస్థకన్న చేసి ఉంటే రాయుండ్రి.

ఈఏడీ_2007 | జూలై 3
నాదో ప్రశ్న. మేం 2007 జూలైలో అందరితో పాటు 485 (గ్రీన్ కార్డ్ దరఖాస్తు) వేశాం. గ్రీన్ కార్డ్ ఇంకా రాలేదు, ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) ఉంది. పోయిన నెల లే ఆఫ్ అయింది. భృతికి అప్లై చేస్తే రేపు గ్రీన్ కార్డ్‌కి అడ్డం వస్తుందని మా ఫ్రెండ్స్ అంతా భయపెడుతున్నారు. ప్రభుత్వం మీద ఆధారపడ్డట్టు లెక్క అంటున్నారు. నిజమా?

కృష్ణాతీరం | జూలై 3
నిజం కాదు. ప్రభుత్వం మీద భారం అనే నిబంధనలో నిరుద్యోగ భృతి రాదు. 1999లోనే ఇమిగ్రేషన్ వాళ్ళు దీని మీద వివరంగా రాశారు. పని చేసి సంపాదించుకున్న హక్కు కింద లెక్క. ఈఏడీ చెల్లుబాటులో ఉంటే పనికి సిద్ధంగా ఉన్నానని చెప్పొచ్చు, అప్లై చేయండి. ఈఏడీ గడువు ఎప్పుడు ముగుస్తుందో చూసుకుని ముందే రెన్యూవల్ వేయండి, మధ్యలో ఖాళీ వస్తే ఆ వారాల భృతి కూడా పోతుంది. 485 వేసి 180 రోజులు ఎప్పుడో దాటింది కాబట్టి అదే తరహా పనిలో వేరే కంపెనీకి మారొచ్చు.

హెచ్1 మీద ఉన్నవాళ్ళ సంగతి వేరు. ఉద్యోగంతో పాటే స్టేటస్ పోతుంది కాబట్టి చట్టప్రకారం పనికి సిద్ధంగా ఉన్నానని చెప్పలేరు. గోదారోడు గారికి అప్పుడు రాకపోవడానికి కారణం అదే.

ఈఏడీ_2007 | జూలై 3
పెద్ద బరువు దించారు. ఇవాళే అప్లై చేస్తాను.

మైలవరం_బుజ్జి | జూలై 6
నాకు టైర్ 1 నడుస్తోంది, ఇంకా వారాలున్నాయి. విజయవాడలో నాన్నకి గుండె ఆపరేషన్, నెలాఖరులో వెళ్ళాలి. అక్కణ్ణుంచి ఇంటర్నెట్‌లో సర్టిఫై చేస్తే ఏమైనా అవుతుందా?

చికాగో_చిన్నోడు | జూలై 6
లాగిన్ ఎవరికైనా ఇచ్చి వెళ్ళు బుజ్జీ, వాళ్ళే క్లిక్ చేస్తారు. మా వాళ్ళు చాలామంది చేశారు, ఏం కాలేదు.

కృష్ణాతీరం | జూలై 6
చిన్నోడూ, దయచేసి ఇలాంటి సలహాలివ్వద్దు. బుజ్జి గారూ, అస్సలు చేయకండి. ఆ ఫారంలో అడిగేదేమిటి? ఈ వారం మీరు పని చేయగలిగే స్థితిలో ఉన్నారా, పని దొరికితే చేరడానికి అందుబాటులో ఉన్నారా అని. విజయవాడ హాస్పిటల్ వరండాలో కూర్చుని అవును అని గీత పెడితే అది అబద్ధపు వాంగ్మూలం. దొరికితే తీసుకున్నదంతా తిరిగి కట్టాలి, పైన జరిమానా. రేపు సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో అది ఎదురొస్తే ఎవరూ కాపాడలేరు.

చేయాల్సింది తేలిక. వెళ్ళే వారం నుంచి సర్టిఫై చేయడం ఆపండి. తిరిగొచ్చాక క్లెయిమ్ మళ్ళీ తెరిపించండి. వారాలు కరిగిపోవు, మిగిలిన బ్యాలెన్స్ అలాగే ఉంటుంది.

ఎడిసన్_పెద్దాయన | జూలై 6
ఒక చిక్కుంది. కొత్త టైర్ మొదలుపెట్టడానికి గడువు ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. బుజ్జి టైర్ 1లోనే ఉన్నాడు కాబట్టి పరవాలేదు. టైర్ చివర్లో ఉన్నవాళ్ళు ఇండియా వెళ్ళేముందు తేదీలు సరిచూసుకోండి. నాన్నగారికి ఆపరేషన్ బాగా జరగాలి బాబూ. వెళ్ళు, డబ్బు సంగతి తర్వాత.

మైలవరం_బుజ్జి | జూలై 7
ఆపేసి వెళ్తాను. అందరికీ థ్యాంక్స్.

సెన్సస్_సుబ్బారావు | జూలై 8
నా బాధ వేరే. ఖాళీగా ఉండడం ఎందుకని ఏప్రిల్ నుంచి సెన్సస్‌లో చేరాను, ఇల్లిల్లూ తిరిగాను, ఎండలో వానలో. అది అయిపోయాక చూస్తే నా బెనిఫిట్ ఇయర్ (క్లెయిమ్ వేసినప్పటి నుంచి లెక్కపెట్టే ఏడాది) జూన్‌లో ముగిసిందట. సెన్సస్ జీతం లెక్కలోకి వచ్చి కొత్త క్లెయిమ్‌కి అర్హత వచ్చింది కాబట్టి పాత ఐటీ జీతం మీద వచ్చే భృతి ఆపేసి, కొత్త దాని మీద వారానికి వంద చిల్లర ఇస్తామన్నారు. పని చేయకుండా కూర్చుని ఉంటే పాతదే వచ్చేది! ఫోన్ చేస్తే గంటసేపు సంగీతం వినిపించి లైన్ కట్టయిపోతోంది.

లెక్కల_మాస్టారు | జూలై 8
ఇది నిజంగా అన్యాయం. గోదారోడు గారూ, మీరన్న 'పనికి పోకుండా చేసే' నిబంధన ఏదైనా ఉంటే ఇదే. కొత్త బిల్లులో దీనికి ఒక సవరణ ఉంది. కొత్త క్లెయిమ్ మీద వచ్చేది పాతదానికంటే వంద డాలర్లు గానీ 25 శాతం గానీ తగ్గితే పాత ఎక్స్‌టెన్షన్‌లోనే కొనసాగొచ్చు. పాసైతే ఎవరికి వర్తిస్తుందో చూడాలి.

గోదారోడు_డాలస్ | జూలై 8
సుబ్బారావు గారి విషయంలో మీతో నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తాను. పని చేసినవాడికి శిక్ష వేయడమేంటి.

ఫ్రీమాంట్_పద్మ | జూలై 12
ఇవాళ సభ తిరిగి మొదలైంది. ముసలాయన, వెస్ట్ వర్జీనియా సెనేటర్ బర్డ్ గారు చనిపోయి ఆ సీటు ఖాళీగా ఉంది కాబట్టే ఓట్లు తక్కువయ్యాయి, అక్కడి గవర్నర్ ఎవరినైనా నియమిస్తే సరిపోతుందంటున్నారు. గుంటూరు నుంచి మా అత్తగారు ఫోన్ చేసి, 'ఆ గవర్నర్ ఎవర్నైనా వేశాడా అమ్మా' అని అడుగుతోంది.

కరీంనగర్_శ్రీను | జూలై 12
మీ అత్తమ్మను సెనేట్‌కు పంపుదాం పద్మక్కా. ఒక్క రోజుల పని అయితది.

స్వాతి_చినుకు | జూలై 14
ఈ లోపల ఎలా గడుపుతున్నారో కాస్త చెప్పుకుందామా? ఎవరికైనా పనికొస్తుంది. మా ఇంట్లో కోబ్రాకి (ఉద్యోగం పోయాక పాత కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్‌ని కొనసాగించే ఏర్పాటు) ప్రభుత్వం 65 శాతం కడుతోంది, 15 నెలల దాకే ఇస్తారు కాబట్టి మాకు ఇంకొన్నాళ్ళకి ఆగిపోతుంది. మే 31 తర్వాత ఉద్యోగం పోయినవాళ్ళకి అసలు ఆ సాయమే లేదు. పూర్తి ప్రీమియం కుటుంబానికి వెయ్యి డాలర్ల పైనే. పిల్లలని రాష్ట్రం ఇచ్చే పిల్లల ఇన్సూరెన్స్ చిప్‌లో చేర్పించాం, ఇక్కడ పుట్టినవాళ్ళు కాబట్టి ఇబ్బంది రాలేదు. మేమిద్దరం ఎక్కువ డిడక్టిబుల్ ఉన్న చౌక ప్లాన్‌కి మారుతున్నాం.

ట్రాయ్_వాసు | జూలై 14
ఇంటి కిస్తీ సంగతి నేను చెప్తాను. కట్టలేకపోయేదాకా ఆగకుండా ముందే బ్యాంకుకి ఫోన్ చేశాను. ఉద్యోగం పోయినవాళ్ళకి కనీసం మూడు నెలలు కిస్తీ తగ్గించడమో ఆపడమో చేసే పథకం ప్రభుత్వం కొత్తగా తెచ్చింది, అందరూ అడగండి. భృతి కాగితం, జీతం ఆగిపోయిన లెటర్ అడిగారు. నిర్ణయం ఇంకా రాలేదు. భృతి వస్తున్నట్టు రుజువు చూపించాలన్నారు. అదే ఆగింది కదండీ, ఏం చూపించను? బ్యాలెన్స్ సున్నా అని ఉన్న కాగితమే పంపాను.

రాత్రుళ్ళు పిల్లలు పడుకున్నాక నేనూ మా ఆవిడా డైనింగ్ టేబుల్ మీద బిల్లులన్నీ పరుస్తాం. గ్యాస్ బిల్లు మీద ఎర్ర గీత పడితే దాన్ని పైకి, ఫోన్ బిల్లు కిందికి. మా పెద్దదానికి పదేళ్ళు. మొన్న వచ్చి, తన పుట్టినరోజుకి ఏమీ వద్దు అంది. మేం ఏమీ చెప్పలేదు దానికి.

కృష్ణాతీరం | జూలై 14
వాసు గారూ, మీ ఊరి దగ్గర గుడిలో వారానికోసారి కిరాణా పంచుతున్నారేమో కనుక్కోండి. చాలా గుళ్ళలో మొదలుపెట్టారు, బియ్యం, కందిపప్పు దొరుకుతాయి. మొహమాటపడకండి. రేపు మీ రోజులు బాగుపడ్డాక మీరూ ఇస్తారు.

గోదారోడు_డాలస్ | జూలై 15
వాసు గారూ, మీ పోస్ట్ మా ఆవిడ చదివింది. మీకు ప్రైవేట్ మెసేజ్ పెట్టాను, చూడండి. బిల్లు మీద నా అభిప్రాయం మారలేదు, అది వేరే సంగతి.

లెక్కల_మాస్టారు | జూలై 16
వెస్ట్ వర్జీనియా సీటుకి గుడ్విన్ అనే ఆయన్ని నియమించారు. మంగళవారం ప్రమాణం చేస్తాడట. ఆయన చేయగానే ఓటింగ్.

ఫ్రీమాంట్_పద్మ | జూలై 20
60–40! సభని చూపించే సీ-స్పాన్ ఛానెల్ పెట్టుకుని కూర్చున్నాం. చివరి ఓవర్ చూస్తున్నట్టు మా మామగారు 59 అయిందా 60 అయిందా అని అడుగుతూనే ఉన్నారు. మెయిన్ రాష్ట్రం వాళ్ళు స్నో, కాలిన్స్ ఇద్దరూ ఇటు వచ్చారు, నెబ్రాస్కా నెల్సన్ అటు పోయాడు. కొత్తాయన ప్రమాణం చేసిన కాసేపటికే ఓటేశాడు.

ఎడిసన్_పెద్దాయన | జూలై 20
ఇది చర్చ ముగించడానికి ఓటు మాత్రమే. అసలు ఓటుకి ఇంకో 30 గంటలు తీసుకోవచ్చు. తర్వాత హౌస్‌కి (ప్రతినిధుల సభకి) వెళ్ళాలి. చెక్కులు రాసేసుకోకండి.

లెక్కల_మాస్టారు | జూలై 22
పెద్దాయన అన్నట్టే జరిగింది. నిన్న రాత్రి సెనేట్‌లో 59–39తో పాసైంది, ఇవాళ హౌస్‌లో 272–152, సాయంత్రానికి ఒబామా సంతకం. గడువు నవంబర్ 30 దాకా. జూన్ 2 నుంచి పోయిన వారాలన్నిటికీ వెనక నుంచి ఇస్తారు. ఈ మధ్యలో 25 లక్షల మందికి ఆగిపోయిందట.

రాని వాటి సంగతి కూడా రాస్తాను, ఎవరూ ఆశ పెట్టుకోకుండా. వారానికి అదనంగా వచ్చే 25 డాలర్లని పొడిగించలేదు. కోబ్రా సాయం పొడిగించలేదు. 99 వారాలు దాటినవాళ్ళకి ఏమీ లేదు. సుబ్బారావు గారూ, మీలాంటివాళ్ళ కోసం నేను చెప్పిన సవరణ చట్టంలోకి వచ్చింది, కానీ సంతకం అయిన తర్వాత బెనిఫిట్ ఇయర్ ముగిసేవాళ్ళకే.

సెన్సస్_సుబ్బారావు | జూలై 22
నాది జూన్‌లో ముగిసింది. కొద్ది వారాల తేడాలో పోయింది. సర్లెండి, ఇక ముందు సెన్సస్‌లో చేసినవాళ్ళకైనా పనికొస్తుంది. నేను అప్పీల్ చేస్తాను, కుదిరితే కుదిరింది.

కృష్ణాతీరం | జూలై 23
డబ్బు రేపే పడుతుందనుకోవద్దు. ఒక్కో రాష్ట్రం కంప్యూటర్లలో కొత్త తేదీలు మార్చుకోవాలి, రోజులూ పట్టొచ్చు, వారాలూ పట్టొచ్చు. పోస్ట్‌లో వచ్చే ప్రతి కవరూ విప్పి చూడండి, కొన్ని చోట్ల పాత వారాలకి విడిగా ఫారం పంపుతారు, దానికి గడువుంటుంది. ఇంకో మాట: ఒకేసారి పెద్ద మొత్తం పడుతుంది, అదంతా ఆదాయమే. పోయినేడాది మొదటి 2,400కి ఫెడరల్ పన్ను లేదు, ఈ ఏడాది ఆ వెసులుబాటు లేదు. 10 శాతం ముందే కోసుకోమని చెప్పొచ్చు, లేకపోతే వచ్చే ఏప్రిల్‌లో గుండె ఆగుతుంది.

ఫ్రీమాంట్_పద్మ | జూలై 23
కాలిఫోర్నియా రాష్ట్ర పన్ను మాత్రం దీని మీద లేదు.

ట్రాయ్_వాసు | ఆగస్టు 5
పడింది. జూన్ నుంచి అన్ని వారాలకీ ఒకేసారి. ఇంటి కిస్తీ కట్టేశాను, గ్యాస్ కట్టేశాను. గోదారోడు గారు పంపిన డబ్బు తిరిగి పంపబోతే వద్దన్నారు, ఉద్యోగం వచ్చాక చూద్దామన్నారు. అందరి ముందూ చెప్పడం ఆయనకి నచ్చదేమో, అయినా చెప్తున్నాను.

ఇంకో ప్రశ్న: టైర్ 3 సెప్టెంబర్ మధ్యలో అవుతుంది. టైర్ 4కి ఇబ్బంది ఉండదు కదా?

కృష్ణాతీరం | ఆగస్టు 5
ఉండదు. నవంబర్ 30 లోపు మొదలవుతుంది కాబట్టి ఆరు వారాలూ వస్తాయి. మీ రాష్ట్రంలో నిరుద్యోగం 13 శాతం దాటింది, టైర్ 4కి 8.5 ఉంటే చాలు. అక్టోబర్ చివరికి అదీ అయిపోతుంది. ఆ తర్వాత రాష్ట్రం ఎక్స్‌టెండెడ్ బెనిఫిట్స్ ఉంటాయి. నవంబర్ 30 దగ్గర పడేసరికి మళ్ళీ ఇదే గొడవ మొదలవచ్చు, ఈ లోపలే ఏదో ఒకటి దొరకాలని చూడండి.

మైలవరం_బుజ్జి | ఆగస్టు 9
నాన్న ఇంటికొచ్చారు, నడుస్తున్నారు. నెలాఖరుకి తిరిగొచ్చి క్లెయిమ్ తెరిపిస్తాను.

గోదారోడు_డాలస్ | ఆగస్టు 10
మంచి వార్త బుజ్జీ. పెద్దాయన గారూ, మీరు కోబాల్ అన్నారు కదా, డీబీ2, సీఐసీఎస్ కూడా వచ్చా? మా ఫ్రెండ్ వాళ్ళ క్లయింట్ ఇన్సూరెన్స్ కంపెనీ, కనెక్టికట్ హార్ట్‌ఫర్డ్‌లో. కాంట్రాక్ట్ ఆరు నెలలు, పొడిగించొచ్చు. గ్యాప్ గురించి అడగొద్దని ముందే చెప్పాను, పాత సిస్టమ్ తెలిసినవాళ్ళు దొరక్క వాళ్ళే వెతుక్కుంటున్నారు. రేటు మీరు ఇదివరకు తీసుకున్నదానికంటే తక్కువే ఉంటుంది.

ఎడిసన్_పెద్దాయన | ఆగస్టు 10
రెండూ వచ్చు. రేటు గురించి బేరం లేదు. రెజ్యూమె ఇప్పుడే మీ మెసేజ్ బాక్స్‌లో పెట్టాను. హార్ట్‌ఫర్డ్ అయితే శుక్రవారం రాత్రి ఇంటికొచ్చి ఆదివారం వెళ్ళిపోవచ్చు.

గోదారోడు_డాలస్ | ఆగస్టు 10
అందింది. సాయంత్రం ఆరు తర్వాత ఫోన్ దగ్గర ఉండండి, ఆయనే చేస్తాడు.